మ్యూనిక్‌లో గోవింద చెంబు

ఆ రోజుల్లో కోయంబత్తూరు మిల్లు మనిషి ఫారిన్ వెళ్లాడంటే కొత్త మిషను నేర్చుకోవడానికే తప్ప ఊళ్లు చూడటానికి కాదు. పెళ్లాన్ని కూడా రప్పించుకున్నాడంటే ఇక మా పీలమేడు వీధికి నెలరోజులు వేరే కబురు అక్కర్లేదు. మా ఆయన స్పిన్నింగ్ మాస్టరు. స్విట్జర్లాండులో ట్రైనింగ్ ముగిశాక నన్ను పిలిపించుకుని, ఒక్క రైలు పాసు మీద యూరప్ అంతా చూపిస్తానన్నారు. చూపించారు, కాదనను. రాత్రి రైల్లో నిద్ర (లాడ్జి ఖర్చు ఉండదు), పగలంతా నడక (బస్సు ఖర్చు ఉండదు), అత్త కట్టిచ్చిన పరుప్పు పొడి, అదే కందిపొడి, బ్రెడ్డు మధ్య చల్లుకుని భోజనం. పారిస్‌లో నాకు గుర్తున్నది ఒక బెంచీ. వియన్నాలో ఇంకో బెంచీ, దానికి వీపు ఆనించుకునే చెక్క కూడా ఉంది. రోమ్‌లో కూర్చోవడానికి ఎక్కడా చోటు దొరకలేదు గనుక ఆ ఊరంటే నాకు ఇప్పటికీ పడదు.

నా అలసటకు సగం కారణం దూరం, సగం ఆయన స్వభావం. ప్రాణం మీదికొచ్చినా మా ఆయన ఎవరినీ ఏమీ అడగరు. దారి కూడా అడగరు. "యాల అడిగేది? మ్యాపు ఉండాది కదా అమ్మిణీ" అంటూ ఒకే చర్చి చుట్టూ నాచేత ప్రదక్షిణాలు చేయించేవారు. (మిల్లులో అంతమంది చేత పనిచేయించే మనిషి, హోటల్లో రెండోసారి సాంబారు కావాలంటే నా ముఖం చూసేవారు.) అటువంటి మనిషి నెత్తిన మా అత్త పెట్టిన మొక్కు ఏమిటనుకున్నారు? బిచ్చమెత్తడం.

పెరటాసి అంటే మా పెరుమాళ్లు, ఆ ఏడుకొండలవాడి నెల, అప్పుడు మా ఇళ్లలో మాంసం ముట్టరు. శనివారం పూట ఎంత కలిగినవాళ్లయినా చెంబుకు నామం పెట్టి, మూడు గడపల ముందు నిలబడి, గోవిందా అని చేయి చాపి బియ్యం ఎత్తుకోవాలి. ఆ బియ్యం వండి పెరుమాళ్లకు తళిగ వేసి నైవేద్యం పెట్టాకే ఇంట్లో ఎవరైనా నోట్లో మెతుకు పెట్టుకునేది. అంతకు ముందు ఏడాది దూది ఏకే కార్డింగ్ మిషన్లో మా ఆయన చేయి ఇరుక్కుంది. వేళ్లు దక్కితే వచ్చే పెరటాసి మొదటి శనివారం, బిడ్డ ఎక్కడున్నా సరే, స్వయంగా ఎత్తుతాడని అత్త మొక్కుకుంది. వేళ్లు దక్కాయి. శనివారం వచ్చేసరికి మేము మ్యూనిక్‌లో దిగాం.

స్టేషను బయటికొస్తే ఊరు ఊరంతా వీధుల్లో ఉంది. పూలు కట్టిన గుర్రాలు, బండ్లు, మేళాలు. అచ్చం మా తేరు ఊరేగింపే, దేవుడు ఉండాల్సిన చోట బీరు పీపాలున్నాయంతే. వాళ్ల బీరు తిరునాళ్లు మొదలయ్యేదీ ఆ రోజేనట. ఎటు చూసినా కోళ్లు కాలుతున్నాయి. పొద్దుటినుంచి మంచినీళ్ల మీదున్న నాకు ఆ వాసనకు కళ్లు తిరిగాయి. (నోరు కూడా ఊరింది. పెరుమాళ్లు క్షమించాలి.) ఓ ఇంటి మెట్ల మీద కూలబడ్డాను.

"మీరు ఎత్తేదాకా నేను ఇంక ఒక అడుగు కూడా పెట్టను" అన్నాను.

"కొంచెం పొరుత్తుకో అమ్మిణీ, ఓర్చుకో. ఊరికి పోయినాక చేస్తామే. పెరుమాళ్లు కోపం చేసుకోడు."

"ఆయన చేసుకోడు. ఆడ అత్త మెతుకు ముట్టకుండా పట్టినిగా కూర్చోనుండాది, కొడుకు ఎత్తుతాడని నమ్మి. ఆమెకి ఏమని చెప్తారు?"

ఆ మాట తగిలింది. సంచిలోంచి చెంబు తీసి, మెట్లెక్కి, గంట నొక్కారు. ఆయన గోవిందా అన్నది పక్కనున్న నాకే వినపడలేదు. తలుపు తీసినవాడు భారీ మనిషి, టోపీలో ఈక, చేతిలో పెద్ద మగ్గు. నామం పెట్టిన చెంబును చూడగానే అతని ముఖం విప్పారింది. పండగపూట గడపలోకొచ్చిన పాత్రను ఖాళీగా పంపడం వాళ్లకూ పాపమే కాబోలు, మగ్గు వంచి చెంబు నిండా బీరు పోసి, మా ఆయన భుజం తట్టి, తలుపు వేసుకున్నాడు.

నామం మీదుగా నురగ కారుతోంది. మా ఆయన చెంబును చూశారు, నన్ను చూశారు.

"అమ్మిణీ, ఇది లెక్కకి వస్తాదా?"

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. నవ్వే ఓపిక లేక ఏడ్చాను.

చెంబు కడిగి, నా కుంకుమతోనే మళ్లీ నామం దిద్ది, ఈసారి నేనూ పక్కింటికి వెళ్లాను. ముసలమ్మ తలుపు తీసింది. బయల్దేరేటప్పుడు అత్త వేస్తే కొంగున ముడేసుకున్న అక్షింతలు అరచేతిలో పోసి చూపించాను. ఆమె గింజలను చూసింది, నా పీక్కుపోయిన ముఖం చూసింది, లోపలికెళ్లి కప్పుతో బియ్యం తెచ్చి పోసింది. ఆ చప్పుడు వినగానే మా ఆయన ముఖంలో కనిపించిన వెలుగు నేను పెళ్లిపీటల మీద కూడా చూడలేదు. ఇక ఆయన్ని పట్టుకోవడం నా తరమా! మూడో గడపతో మొక్కు తీరింది, ఆయన మాత్రం ఆగలేదు. గోవిందా కేక వీధి చివరిదాకా వినపడింది. ఆపిల్ పళ్లు, ఉర్లగడ్డలు, ఎవరో పుణ్యాత్ములు ఒక సబ్బు కూడా వేశారు. "ఇంకొక్క ఇల్లు అమ్మిణీ, ఆ పచ్చ తలుపుది!" పుట్టినప్పటినుంచి అడగకుండా మిగుల్చుకున్నదంతా ఆ ఒక్క వీధిలో అడిగేశారు. ఆయన తిరిగొచ్చేలోగా ముసలమ్మ నన్ను లోపలికి పిలిచి కుర్చీలో కూర్చోబెట్టి పొయ్యి చూపించింది. అన్నం చిమిడిపోయింది. తళిగ వేసి, పొడి కలిపి, ఆమెకూ పెట్టి, మేమూ తిన్నాం.

ఊరికి రాగానే అత్త అడిగిన మొదటి మాట, "ఏమేసినార్రా గడపల్లో?" మా ఆయనకు అబద్ధం చేతకాదు. తలవంచుకుని బీరు సంగతితో సహా చెప్పేశారు. అత్త తాపీగా వక్క నములుతూ అంది: "పెరుమాళ్లు బియ్యం లేకనా మనల్ని అడగమనింది? నువ్వు తలవంచి చేయి చాపినావు కదా, అది చాలు. వాళ్ల ఇంట్లో ఉండేది వాళ్లు పోసినారు." అని కొడుకు వేళ్లు ఒక్కొక్కటే తడిమి చూసుకుంది.

ఇప్పుడు మనవరాలు ఫోనులో ఆ ఊళ్ల బొమ్మలు చూపించి, "ఇది చూసినావా అవ్వా?" అంటే లేదనే చెప్తాను. వేళకు తిండి పెడుతున్నారు, ఆకలే వేయదు. అప్పుడప్పుడు ఆ మెట్ల మీద కూర్చుని ఏడ్చిన పిల్ల గుర్తొస్తుంది. లేచి నడవవే అని చెప్పాలనిపించదు. కొంచెం జరగవే అమ్మిణీ, నేనూ కూర్చుంటాను అనాలనిపిస్తుంది.