లెక్కకు రాని అమ్మకం

ఒక కారు నడకంత వేగంతో పోతూ ప్రతి ఇంటి ముందూ కాసేపు ఆగుతోందంటే, 2011లో మిషిగన్ పల్లెల్లో దానికి ఒక్కటే అర్థం. అప్పు కట్టలేని ఇంటిని జప్తు చేయడానికి బ్యాంకు మనిషి వచ్చాడని. నేను బ్యాంకు మనిషిని కాను. కాకపోయినా ఆ శీతాకాలమంతా కిటికీల వెనక తెరలు నన్ను చూసి కదులుతూనే ఉన్నాయి.

ఉద్యోగ విరమణ తరువాత నేను చేస్తూ వచ్చిన పని ఇళ్ల మార్కెట్ అధ్యయనం. ఎవరైనా ఒక కౌంటీలో అపార్ట్‌మెంట్లు కట్టదలిస్తే, అందులోకి అద్దెకు వచ్చేవారున్నారా, పదిహేనేళ్ల తరువాత కూడా ఆ ఊరు ఊరుగా మిగులుతుందా అన్నది బయటి మనిషి ఒకడు చూసి చెప్పాలి. ఆ మాట మీదే నిధులు వస్తాయి, లేదా రావు. ట్రాయ్‌లో మా ఇంటి నుంచి ఉత్తరానికి సగం రోజు ప్రయాణమంత దూరంలో ఉన్న ఆ కౌంటీలో, కిరాణా దుకాణం వెనక ఖాళీ స్థలంలో వృద్ధుల కోసం ఒక చిన్న భవనం కట్టాలన్నది ప్రతిపాదన. మెట్లు ఎక్కనక్కరలేని ఇళ్లు, ఆదాయాన్ని బట్టి అద్దె.

మొదటి మంచు పడిన మర్నాడు బయలుదేరడం నా అలవాటు. కారు అద్దంలోంచి చూస్తూ ఇళ్లు లెక్కపెట్టే పద్ధతిని మా వృత్తిలో విండ్‌షీల్డ్ సర్వే అంటారు. దానికి మంచు బాగా సహకరిస్తుంది. ఇంటి ముందు టైరు గుర్తు లేకపోతే ఆ ఇల్లు ఖాళీ. పొగగొట్టం చుట్టూ మంచు కరిగి ఉంటే కింద మనిషి ఉన్నట్టు. మనుషులు చెప్పేదానికన్నా ఇంటికప్పులు చెప్పేదాన్నే నేను ఎక్కువగా నమ్ముతాను.

కంకర రోడ్డు చివర ఒక ముసలామె మంచు ఎత్తే పార చేతబట్టుకుని వచ్చి నా కారు అద్దం మీద తట్టింది. ఆ కౌంటీలో చాలా ఏళ్లు స్కూలు బస్సు నడిపిన మనిషి అని తరువాత తెలిసింది.

“బ్యాంకా, పన్నుల ఆఫీసా?” అని అడిగింది. “బ్యాంకైతే దారి తప్పారు. మా ఆయన ఇంటి అప్పు తీర్చేశాకే చచ్చిపోయాడు. ఆ ఒక్క పని సక్రమంగా చేశాడు.”

నా పని ఏమిటో చెప్పాను. పార గోడకు ఆనించి, లోపలికి వచ్చి కాఫీ తాగమంది. ఆ ఇంట్లో స్నానాల గది మేడ మీద ఉంది. అంతకుముందు చలికాలంలో ఆమె ఆ మెట్ల మీంచే పడిందట. ఒహాయోలో ఉన్న కూతురు వచ్చేయమని ప్రతి ఆదివారం ఫోన్ చేస్తోంది. ఆమెకు వెళ్లడం ఇష్టం లేదు. ఆ అపార్ట్‌మెంట్లు కడితే కింది అంతస్తులో ఒకటి తీసుకుని, ఆ ఊళ్లోనే, తన బస్సులో పెరిగిన పిల్లల మధ్యనే ఉండిపోవాలని ఆమె ఆశ. పైగా అక్కడినుంచి క్లినిక్ నడిచి వెళ్లేంత దగ్గర. “అక్కడ డాక్టరమ్మ మీ దేశం అమ్మాయే. నా షుగర్ సంగతి నాకన్నా ఆ పిల్లకే బాగా తెలుసు” అంది. కట్టేది నేను కాననీ, కట్టవచ్చో లేదో చెప్పడం వరకే నా పని అనీ స్పష్టంగా చెప్పాను. తల ఊపింది గాని విన్నట్టు లేదు.

అంకెలు చెప్పగల సంగతులు నేను ముందే ఊహించినట్టే ఉన్నాయి. కార్ల సీట్లు కుట్టే కర్మాగారం మూతపడింది. హైస్కూలును పక్క కౌంటీ స్కూలులో కలిపేశారు. ఖాళీ ఇళ్లలో చాలా భాగం జింకల వేటకు నవంబరులో మాత్రం తెరిచేవి. అసలు చిక్కు ఇళ్ల అమ్మకాల దగ్గర వచ్చింది. ఇంటి ధర తేలాలంటే ఒకరికొకరు ఏమీ కాని ఇద్దరి మధ్య జరిగిన అమ్మకాలు కావాలి. బంధువుల మధ్య జరిగినవి లెక్కలోకి రావు. ఆ ఊళ్లో తండ్రి కొడుక్కి, అత్త అల్లుడికి, అన్న తమ్ముడికి ఒక్క డాలరుకు రాసిచ్చినవే దస్తావేజుల నిండా. వాటిని నిబంధన ప్రకారం కొట్టేసుకుంటూ పోతే మిగిలినవి నా చేతివేళ్లు దాటలేదు. నలభై ఏళ్లుగా ఇళ్లు చేతులు మారుతూనే ఉన్న ఊళ్లో, నా పద్ధతిలో చూస్తే మార్కెట్ అన్నదే లేదు.

అయినా వృద్ధుల అపార్ట్‌మెంట్లకు బలం ఉంది. వయసు పైబడినవారు ఎక్కువ, మెట్లు లేని ఇళ్లు తక్కువ. మందుల దుకాణం, కిరాణా, క్లినిక్ మూడూ ఒకే వీధిలో ఉన్నాయి. నా అంచనా అనుకూలంగానే తయారవుతోంది.

డిసెంబరులో రెండోసారి వెళ్లినప్పుడు ఆ క్లినిక్ డాక్టరు నన్ను భోజనానికి పిలిచింది. వరంగల్ వైపు పిల్ల. డాక్టర్లు దొరకని చోట మూడేళ్లు పని చేయాలన్న వీసా షరతు మీద ఆ ఊరికి వచ్చింది. భర్త మా ట్రాయ్‌కి దగ్గర్లోని నోవైలో కార్ల కంపెనీలో ఇంజినీరు. వారమంతా ఎవరి ఊళ్లో వారు, శనాదివారాలు ఎవరో ఒకరు డ్రైవ్ చేయడం. చాలా రోజులకు బయటి మనిషి నోట తెలుగు మాట వినిపించిందేమో, వడ్డిస్తూ మాట్లాడుతూనే ఉంది. పప్పు, గోంగూర, అప్పడాలు పెట్టింది. మజ్జిగ దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గించింది.

“అంకుల్, ఎవ్వరికీ చెప్పలే ఇంకా. సమ్మర్‌ల నోవైకి షిఫ్ట్ అయితున్న.”

“ఏ తేదీన?” అన్నాను.

నవ్వింది. “అన్నం తింటున్నప్పుడు కూడా డేటేనా అంకుల్? జూన్ ఎండింగ్. కాంట్రాక్ట్ అప్పటికి అయిపోతది. పోయిన నెల మంచుల మా ఆయన కారు స్కిడ్ అయి డిచ్‌ల పడ్డది. మూడేండ్ల సంది వీకెండ్ కాపురం. ఇంక నాతోని కాదు.”

తప్పు పట్టడానికి అందులో ఏమీ లేదు. నేను చెయ్యి కడుక్కుని వచ్చేసరికి ఆమె ముఖం మారిపోయి ఉంది. నా పని ఏమిటో అప్పుడు గుర్తొచ్చినట్టుంది.

“నేను పోతే ఆ బిల్డింగ్ రాదా అంకుల్?”

“రాదని చెప్పలేనమ్మా. వస్తుందని రాయనూ లేను.”

ఆ ఊరి క్లినిక్‌లో ఆమె ఒక్కతే డాక్టరు. ఆమె వెళితే క్లినిక్ ఉంటుందో లేదో, దాన్ని నడిపే పక్క కౌంటీ ఆసుపత్రికే తెలియదు.

ప్రతి నివేదిక మీదా ఒక తేదీ వేస్తాం. లోపలి మాటలన్నీ ఆ తేదీన నిజమైతే చాలు. మర్నాడు ఏం జరిగినా రాసినవాడికి సంబంధం లేదు. నేను ఆ వారమే తేదీ వేసేస్తే, క్లినిక్ ఉంది, అందులో డాక్టరూ ఉంది. ఒక్క అక్షరం తప్పు కాదు. నా నివేదికను ఎవరూ వేలెత్తి చూపలేరు, మెట్ల మీంచి పడిన ముసలామెకు కింది అంతస్తు దొరుకుతుంది. ట్రాయ్ వరకూ దారి పొడుగునా వైపర్లు కొట్టుకుంటూనే ఉన్నాయి, నేను ఇదే ఆలోచిస్తున్నాను. తేదీని నమ్ముకుని బతకడం వేరు, తేదీ చాటున నక్కడం వేరు. కాని ఆసుపత్రి మేనేజరుకు ఫోన్ చేసి డాక్టరు ఉంటుందా అని అడిగితే, అడగడమే చెప్పేసినట్టవుతుంది. ఆ పిల్ల అన్నం పెట్టి నమ్మి చెప్పిన మాట అది.

మర్నాడు ఆమెకే ఫోన్ చేశాను. ఆసుపత్రి వాళ్లకు నువ్వు చెప్పేదాకా నివేదిక మీద తేదీ వేయననీ, గడువు ఫిబ్రవరి దాకా ఉంది గనుక అప్పటివరకూ ఆగగలననీ చెప్పాను.

“సరే అంకుల్. న్యూ ఇయర్ అయినంక చెప్తా” అంది.

చెప్పింది. ఆసుపత్రి వాళ్లు కొత్త డాక్టరు కోసం ప్రకటన ఇచ్చారు. ఎవరూ ముందుకు రాలేదు. ఫిబ్రవరిలో నేను తేదీ వేశాను. క్లినిక్‌లోని ఏకైక డాక్టరు వేసవిలో వెళ్లిపోతారనీ, ఆ స్థానంలో ఈ తేదీ నాటికి ఎవరూ ఖరారు కాలేదనీ రాశాను. మిగతా పేజీలన్నీ అనుకూలంగానే ఉన్నాయి. నిధులిచ్చేవాళ్లు ఆ ఒక్క వాక్యమే చదివారనిపిస్తుంది. వసంతంలో నిధులు నిరాకరించారు.

కౌంటీ సమావేశంలో నివేదికను నేనే వివరించాల్సి వచ్చింది. వేడి సరిగ్గా లేని హాలు. బస్సు నడిపిన ముసలామె వెనక వరుసలో కోటు విప్పకుండానే కూర్చుంది. అందరూ లేచాక, మోకాలు పట్టుకుని నెమ్మదిగా నా దగ్గరికి వచ్చింది.

“మీరు రాసినదాంట్లో అబద్ధం ఏదైనా ఉందా?”

లేదన్నాను.

“ఆ అమ్మాయి మొగుడి దగ్గరికి వెళ్లడం తప్పా?”

కాదన్నాను.

“మరైతే నేనెవరి మీద కోప్పడాలి?” అంది. అడిగే తీరులో నిజంగానే జవాబు కోసం చూసింది. కోటు జేబులో చేతులు పెట్టుకుని, రోడ్డు మీద కంటికి కనపడని నల్లమంచు ఉంది, చీకటి పడేలోగా బయలుదేరండి అని చెప్పి వెళ్లిపోయింది. బస్సు డ్రైవరు కదా.

మరుసటి ఏడాది ఆ క్లినిక్‌కు డాక్టరులా చూసి మందులు రాయగల నర్సు ప్రాక్టీషనరు ఒకామె కుదిరింది. వారంలో కొన్ని రోజులే వస్తుంది. నా తేదీ నాటికి ఆమె లేదు. డాక్టరమ్మ నోవైలో స్థిరపడింది. పండగలకు ఫోన్ చేసి, ఆ మాటా ఈ మాటా మాట్లాడి, చివరికి ఆ ముసలామె సంగతి అడిగేది. నాకు తెలియదనే చెప్పేవాణ్ణి. అది నిజమే.

2014లో పక్క కౌంటీ పని మీద మళ్లీ ఆ ఊరి దస్తావేజులు తిరగేయాల్సి వచ్చింది. కంకర రోడ్డు, చివరి ఇల్లు. అమ్మినవారిది ఒహాయో చిరునామా, కూతురు ఉండే చోటు. కొన్నవారు మేనల్లుడు. ధర ఒక్క డాలరు.

ఆ వరుస మీద కాసేపు పెన్సిల్ ఆనించి ఉంచాను. ఆమె ఆ ఇంటిని తన ఊళ్లోనే, తనవాళ్ల చేతిలోనే వదిలి వెళ్లింది. నిబంధన మారలేదు. గీత కొట్టి, తరువాతి వరుసకు వెళ్లాను.