ఆదివారం మారే షిఫ్టు

బెంగళూరులో ఏం పని చేస్తున్నావని బంధువులు అడిగితే, వజ్రాలతో అంటాను. బంగారు గనుల ఊరి పిల్ల వజ్రాల దాకా ఎదిగిందని వాళ్ల మొహాలు వెలిగిపోతాయి. ఆ వజ్రం ఆవగింజంత కూడా ఉండదని చెప్పి వాళ్ల ఆశ మీద నీళ్లు చల్లడం ఎందుకని ఊరుకుంటాను.

మా ల్యాబ్‌లోని ఆ వజ్రంలో స్పిన్‌లనే అతి చిన్న అయస్కాంతాలు చిందరవందరగా ఉంటాయి. సమానమైన వ్యవధిలో మైక్రోవేవ్ పల్స్, అంటే క్షణకాలపు తోపు, ఇస్తుంటే ప్రతిసారీ తలకిందులవుతాయి. అంటే మొదటి స్థితికి రావాలంటే రెండు పల్స్‌లు పడాలి. పల్స్ కాస్త తప్పుగా పడినా ఆ లయ మాత్రం తప్పదు. వాటి చిందరవందరతనమూ, ఒకదాని ప్రభావం ఇంకొకదాని మీద ఉండటమూ కలిసి ఆ పొందికను నిలబెడతాయి. దాన్నే మేం కోహెరెన్స్ అంటాం. పల్స్ ఆపేస్తే కాసేపటికి అంతా చెదిరిపోతుంది.

మా నాయన గనిలో ఒక వారం పగలు, ఒక వారం రాత్రి పనిచేశాడు. గని మూసేశాక రోజూ రైలెక్కి బెంగళూరులో కాపలా పనికి వెళ్లాడు. అక్కడా అదే వరస. అదీ మానేశాక కూడా, పాత లెక్కన రాత్రి వారం వస్తే చాలు, పగలంతా గుర్రుపెట్టి నిద్రపోయేవాడు. నిరుడు మా చర్చి గేటు దగ్గర పగటి పని దొరికింది. రెండో వారమే కుర్చీలో నిద్రపోతూ దొరికిపోయాడు. మళ్లీ అలా కనబడితే వేరే మనిషిని పెట్టుకుంటామన్నారు. పని లేకుండా ఇంట్లో కూర్చోవడమంటే ఆయనకు నరకం. నాకు నిజంగానే భయం వేసింది.

మళ్లీ రాత్రి వారం మొదలయ్యే ఆదివారం ఇంటికి వెళ్లాను. చర్చి నుంచి రాగానే అమ్మ పగటి వెలుతురు రాకుండా కిటికీకి మందపాటి దుప్పటి కట్టింది. సాయంత్రం క్యారియర్‌లో రాగిముద్ద, పులుసు సర్దింది.

"యాడికి పోతాడని క్యారియర్ కడతా ఉండావు?" అన్నాను.

"యాడికీ పోడు. రాత్రి వారం కదా, నడిరేయిలో ఇద్దరం తింటాం."

ల్యాబ్‌లో పల్స్‌లు ఇచ్చేది నేను. ఇంట్లో ఇస్తున్నది ఎవరో అప్పుడు తెలిసింది. నవ్వూ వచ్చింది, ఒళ్లూ మండింది.

"ఇంగ చాలమ్మా. ఆ దుప్పటి తీసెయ్. పొద్దుగూకినాక తిని పండుకోండి."

"నేను కట్టబట్టేనా ఆయన మేలుకుంటా ఉండేది?" అంది అమ్మ. అంటూనే లేచి దుప్పటి విప్పింది.

కొన్ని వారాల తర్వాత అమ్మకు ఫోన్ చేసి నాయన ఎలా ఉన్నాడని అడిగాను.

"మీ నాయనకేం, రాత్రంతా బాగా నిద్రపోతా ఉండాడు. పనికేం భయం లేదు," అంది. "రాత్రి వారం వస్తే నాకే నిద్ర రాదమ్మా. లేచి కూర్చుంటే, మాట్లాడేకి మనిషి లేడు."