పాలారుకు వేసిన రంగు

వేలూరులో పాత సామాన్ల అంగడిలో వందల ఏళ్ల నాటి ప్రపంచ పటానికి నకలు ఒకటి దొరికింది. ఆ పటానికి పటం కట్టించి గుడియాత్తంలో మా ఇంటి గోడకు తగిలించాను. గీసినవాడు మన దేశాన్ని నొక్కేసి, లంకను మాత్రం నా పొట్టలాగా నిర్మొహమాటంగా ముందుకు తోశాడు. చూసినప్పుడల్లా ఒళ్లు మండేది. కాలు పెట్టని చోట కొండలు, కంటితో చూడని చోట నదులు గీయడానికి చెయ్యెలా వచ్చిందో.

ఆ మంట బడిదాకా పాకింది. మా అమ్మాయి బడిలో ప్రదర్శనకని జిల్లా పటం గీసి, పాలారు నదికి ఇసక రంగు వేసింది. వేలూరు బస్సు పళ్ళికొండ దగ్గర వంతెన దాటినప్పుడల్లా దానికి కనబడింది ఇసకే మరి. నీలం వేస్తేనే గోడకు తగిలిస్తానందట టీచరమ్మ. పిల్ల అన్నం ముట్టలేదు.

నా పాత పటాన్ని చంకన పెట్టుకుని బడికి పోయాను.

"చూడకుండా గీస్తే ఇట్లుంటుందమ్మా" అన్నాను.

ఆవిడ దాన్ని మూలమూలా చూసింది. "తప్పుల పటం తెచ్చి మా బడి పటాలు తప్పంటారా సార్? నదికి నీలం దానే, నీలమే కదా వేయాలి" అంది.

నా వాదం పటంతో సహా మళ్లీ చంకెక్కింది.

"ఏమప్పా, అంత పటం మోసుకోని పొయ్యి, మొగం మాడ్చుకోని వచ్చినావే" అంది అమ్మ. ఆమె పుట్టిల్లు పళ్ళికొండలో, ఏటి ఒడ్డునే. సంగతి విని మనవరాలి పక్కన చతికిలబడింది.

"నీళ్లు యాడికీ పోలేదమ్మా. ఇసక కింద ఉండాయి. మేము చేతుల్తో చెలమ తవ్వి, ఊరేదాకా కూసోని, ముంతతో తోడుకుంటా ఉంటిమి. ఈడ ఒక నీలం చుక్క పెట్టు. ఈడొకటి."

"ఇప్పుడూ ఉంటాయా అవ్వా?"

"తవ్వితే గదా తెలిసేది."

పిల్ల ఇసక పొడుగునా చుక్కలు పెట్టింది. గుర్తుల పట్టికలో చుక్క పక్కన 'చెలమ' అని తమిళ అక్షరాల్లో రాసింది. మా ఇంట్లో అందరం తెలుగే మాట్లాడతాం, చదవడం నాకొక్కడికే వచ్చు.

మర్నాడు టీచరమ్మ ఆ మాటకు అర్థం అడిగి తెలుసుకుని, నీలం ఉంది కదా అని పటాన్ని తగిలించిందట.

ప్రదర్శన నాడు పోయి చూశాను. దాని పక్కనే అంగట్లో కొన్న అచ్చు పటం ఉంది. అందులో పాలారు ఒడ్డు నుంచి ఒడ్డుకు నిండు నీలం. నాకు మళ్లీ ఒళ్లు మండింది. ఆ పాతకాలపువాడు సముద్రాలు దాటి రాలేక తప్పు గీశాడు. వీళ్లు ఒక్క వంతెన దాటితే సరిపోయేది.