వరుసలు మార్చిన రోజు

నిన్న మా కోడలు పెరటి కంచె మీది దొండతీగ దులిపి కాయలు కోస్తుంటే నేనూ ఒక చెయ్యి వేశాను. ముదురాకు ఒకటి వేళ్ల మధ్య నలిగి, పసరు చేతికి అంటింది. పచ్చిగా, వగరుగా ఉండే ఆ వాసన ముక్కుకు తగలగానే గిన్నె పక్కన పెట్టి మెట్టు మీద కూర్చుండిపోయాను. కోడలు కంగారుపడి ఏమైందని అడిగింది. ఏమీ లేదన్నాను. ఎక్కడ మొదలుపెట్టి చెప్పాలో తోచక అన్న మాట అది. బొగ్గుపొడిలో దొండాకు పసరు కలిపి నల్లబల్లకు రుద్దే రోజుల్లో నేను పంతులమ్మనయ్యాను. నేను మొట్టమొదట నలుపెక్కించిన బల్ల చెంగల్రాయుడయ్యవారిది. ఆయనను ఎరిగినవాళ్లు ఇప్పుడు ఈ తిరుపతిలో నేను తప్ప ఎవరూ ఉండరు. అందుకే రాస్తున్నాను.

అవి యుద్ధం రోజులు. చిత్తూరులో ట్రైనింగు పాసయ్యేసరికి నాకు పందొమ్మిదేళ్లు. కాళహస్తికి అవతల, స్వర్ణముఖి దాటి ఆరు మైళ్లు పోతే వచ్చే ఒక పల్లెకు నన్ను వేశారు. దాన్ని అందరూ కండ్రిగ అనే పిలిచేవారు. బొగ్గుతో నడిచే బస్సులో మా అమ్మా నేనూ కాళహస్తిలో దిగి, అక్కడి నుంచి ఎద్దుల బండిలో ఏటి ఇసుక దాటి పోయాము. బండి బడి ముందర ఆగేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది. పెంకుల కప్పు వేసిన ఒకే ఒక పొడుగాటి గది. లోపల ఒకటి నుంచి ఐదు దాకా అన్ని తరగతుల పిల్లలూ ఈతచాపల మీద కూర్చుని ఉన్నారు. వాకిట్లో తెల్ల పంచె, ముడతలు లేని చొక్కా వేసుకుని, అరవైకి దగ్గరపడుతున్న ఒకాయన నిలబడి ఉన్నారు. బండి చప్పుడు విని బయటికి వచ్చారట. నేను నమస్కారం పెడితే తిరిగి పెట్టలేదు. పెద్దాయన కాస్త గర్వి కాబోలనుకున్నాను. నేను నోరు తెరిచి పేరు చెప్పగానే మాత్రం ఆయన ముఖమంతా వెలుగు వచ్చింది.

"వచ్చినావా అమ్మణ్ణీ," అన్నారు. "నీ కోసరం రెండేండ్లుగా అర్జీలు పెడతా ఉండాను."

ఆ బడిలో ఆయన ఒంటరిగా ఇరవై రెండేళ్లు పని చేశారు. భార్య పోయింది. కొడుకు కోలారు బంగారు గనుల్లో పని చేసేవాడు. ఆయన బడిని ఆనుకునే ఉన్న చిన్న గదిలో ఉండేవారు. ఒకటి, రెండు తరగతులు నాకిచ్చి, మూడు నాలుగు ఐదు ఆయన దగ్గరే ఉంచుకున్నారు. గదిలో ఉత్తరం వైపు నేను, దక్షిణం వైపు ఆయన. మధ్యలో అడ్డం ఏమీ లేదు కాబట్టి ఆయన పాఠం నాకు మాట మాటా వినబడేది. పుస్తకం విప్పి చేతిలో పట్టుకునేవారు కానీ దానివంక చూసేవారు కాదు. పాఠాలన్నీ కంఠతా వచ్చు. ఎవడైనా పలక తెస్తే, "నువ్వు రాసింది నువ్వే సదువు, తప్పు నీకే దొరుకుతాది," అనేవారు. అది గొప్ప పద్ధతి అనుకుని నా నోటుబుక్కులో రాసుకున్నాను కూడా. నల్లబల్ల మీద ఆయన చెబుతుంటే ఐదో తరగతి మంగమ్మ రాసేది. హాజరు పట్టీ కూడా ఆ పిల్లే వేసేది. పిల్లలకు బాధ్యత నేర్పుతున్నారనుకున్నాను. నెల రోజులు ఒకే గదిలో ఉండి, ఆయన చేసే ప్రతి పనికీ నాకు నేనే ఒక కారణం చెప్పుకున్నాను. అసలు కారణం ఒకటి ఉంటుందని తోచలేదు.

నెల తిరిగేసరికి పుత్తూరులో ఆయన అక్క చనిపోయిందని మనిషి వచ్చాడు. ఆయనను పెంచి పెద్ద చేసింది ఆ అక్కే. కబురు తెచ్చిన మనిషి భుజం మీద చెయ్యి వేసుకుని బండెక్కారు. దుఃఖంలో ఉన్న మనిషి అలా ఆసరా తీసుకోవడం సహజమేననుకున్నాను. బండి కదిలే ముందు, "నేనొచ్చినాక నీతో ఒక సంగతి మాట్లాడాల అమ్మణ్ణీ," అన్నారు. సరేనన్నాను.

ఆయన లేని ఆ నాలుగు రోజులూ బడి నా చేతిలో ఉంది. ట్రైనింగులో నేర్చుకున్నదంతా చేసి చూపించాలన్న ఉబలాటం. దక్షిణపు గోడకు కిటికీలు లేవు. ఉన్న రెండు కిటికీలూ నా వైపే ఉన్నాయి. రాసుకునే పెద్ద పిల్లలు చీకట్లోనూ, నోటితో వల్లించే చిన్నపిల్లలు వెలుతురులోనూ కూర్చుంటున్నారు. ఇంత చిన్న విషయం ఇన్నేళ్లుగా ఈయనకు ఎందుకు తట్టలేదా అని లోలోపల కొంచెం నవ్వుకున్నాను కూడా. ఆ మాట దాచను. చాపలన్నీ తీయించి దులిపించాను. పెద్దపిల్లలను కిటికీల వైపుకు, చిన్నవాళ్లను దక్షిణానికి మార్చాను. ఆయన కుర్చీ, బల్ల ఇవతలి గోడకు చేర్చాను. తలుపు వెనక మూలన ఉండే నీళ్ల కుండను పిల్లలకు అందేటట్టు వాకిలి పక్కకు తెచ్చాను. మంగమ్మ దొండాకు దూసుకొస్తే ఇద్దరం కలిసి నల్లబల్లకు పసరు రుద్దాము. బల్లను కొత్తచోట నిలబెడుతున్నప్పుడు ఆ పిల్ల నసిగింది. అయ్యవారు వచ్చినాక మారుద్దాం టీచరమ్మా అంది. ఆయన వచ్చేసరికి అంతా సిద్ధంగా ఉంటే సంతోషిస్తారని చెప్పాను. ఆ పిల్ల బల్లకు రెండో పక్క పట్టుకుంది. పెద్దవాళ్లకు ఎదురు చెప్పే అలవాటు ఆ పిల్లలకు లేదు.

సోమవారం పొద్దున బడి పెట్టాక ఆయన వచ్చారు. గుండు చేయించుకుని, చిక్కిపోయి ఉన్నారు. ఎప్పటిలాగే వడివడిగా వాకిలి దాటారు. మోకాలు నీళ్ల కుండకు తగిలింది. కుండ పగిలి నీళ్లు చాపల కిందికి పారాయి. పిల్లలు ఒక్కరు కూడా నవ్వలేదు. ఆయన తడిసిన పంచెతో అక్కడే నిలబడిపోయారు. నేను పరుగెత్తుకెళ్లి, కుండ నేనే అక్కడ పెట్టించానని, గదినంతా ఒక పద్ధతిలో సర్దానని గబగబా చెప్పాను.

"ఏమేమి మార్చినావో సెప్పు అమ్మణ్ణీ," అన్నారు ఆయన, చాలా మెల్లగా.

"నేను చెప్పేదెందుకు అయ్యవారూ, మీరే చూడండి," అన్నాను నేను.

మెచ్చుకోలు కోసం అన్న మాట అది. ఆయన ఏదో అనబోయారు. ఇంతలో బయట బండి ఆగిన చప్పుడైంది. కబురు చెప్పకుండా డిప్యూటీ ఇన్‌స్పెక్టరు వచ్చారు.

ఆ అధికారి చెడ్డవాడు కాదు. అది ముందే చెప్పాలి. అప్పుడే నలుపు ఎక్కించిన బల్లను చూసి బాగుందన్నారు. పిల్లల మధ్యకు నడిచి, దక్షిణం వైపు ముందు వరుసలో ఒక పిల్ల దగ్గర ఆగి, "ఇక్కడ కూర్చున్నది ఎవరు?" అని అడిగారు. అయ్యవారు గొంతు వచ్చిన వైపుకు తిరిగి, కొంచెం తడబడి, "సుబ్బరాయుడండీ, నాలుగో తరగతి. లెక్కల్లో గట్టివాడు," అన్నారు. అక్కడ కూర్చున్నది ఒకటో తరగతి ఆడపిల్ల. పేరు పాపమ్మ, ఆరేళ్లు. పావడా సర్దుకుంటూ లేచి నిలబడింది. "నీ పేరు సుబ్బరాయుడా?" అని అధికారి నవ్వుతూ అడిగారు. ఆ పిల్ల చేతులు కట్టుకుని తల ఊపింది. తమాషాగా ఉందనుకుని ఆయన పక్క పిల్లవాడి దగ్గరికి వెళ్లి, మరి వీరెవరన్నారు. మంగమ్మ అని అయ్యవారు జవాబిచ్చారు. పంటి సందులు కనబడే ఒక బుడతడు లేచి, తాను మంగమ్మనేనన్నాడు. గదిలో యాభైమంది పిల్లలున్నారు. ఒక్క నవ్వు వినబడలేదు. అధికారి ముఖంలో నవ్వు పోయింది. నాకు అప్పుడు అర్థమైంది.

అధికారి తనిఖీ పుస్తకం తెరిచి అయ్యవారి చేతికిచ్చి, పోయినసారి తాను రాసింది చదవమన్నారు. అయ్యవారు పుట మీద అరచెయ్యి పెట్టారు. కళ్లద్దాలు తెస్తానని వెనక నుంచి మంగమ్మ లేచింది. ఆయనకు కళ్లద్దాలు లేనే లేవు.

"వద్దులే బిడ్డా, కూసో," అన్నారు అయ్యవారు. తరువాత పుస్తకం మూసి తిరిగి ఇచ్చి, "నాకు సూపు లేదండీ. పోయి రెండేండ్లాయె," అన్నారు.

అధికారి ఆయనను కుర్చీలో కూర్చోబెట్టడానికి చెయ్యి పట్టుకున్నారు. కుర్చీ ఎక్కడుందో అయ్యవారికి తెలియదు. నేను జరిపిన చోటికి నడిపించుకుపోవలసి వచ్చింది. అది చూస్తూ నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. రాయవలసింది రాయక తప్పదని అధికారి పోయేటప్పుడు నాతో అన్నారు. ఆయన కళ్లూ చెమ్మగిల్లాయి.

మధ్యాహ్నం పిల్లలు ఇళ్లకు పోతుంటే మంగమ్మను పట్టుకుని, నాకెందుకు చెప్పలేదని అడిగాను. గొంతు పెంచే అడిగాను. తప్పు నాది కాకుండా ఎక్కడైనా దొరుకుతుందేమోనని ఆశ. ఆ పిల్ల నావంక ఆశ్చర్యంగా చూసింది.

"మీకూ తెలుసుననుకొంటిమి టీచరమ్మా," అంది.

పొద్దు వాలకముందే అయ్యవారి గదికి వెళ్లాను. దేవుడి పటం కింద చాప మీద కూర్చుని ఉన్నారు. నేను ఏడుస్తూ ఏవేవో చెప్పాను. చాపలూ కుర్చీ పాతచోట పెట్టించేస్తానన్నాను. ఆయన అడ్డు చెప్పారు. మద్రాసుకు పోయి చూపించుకుంటే నరం చచ్చిపోయిందన్నారని, ఇక చేసేది లేదని తెలిశాక కూడా బడి వదలలేదని చెప్పారు. తాను మానుకుంటే బడికి తాళం పడుతుందని, పిల్లలు ఏరు దాటి పక్క ఊరికి పోరని, పశువుల వెంట పోతారని భయం. అందుకే రెండో టీచరు కావాలని అర్జీలు పెట్టించారు. నేను వచ్చి కుదురుకుంటే వేసవి సెలవులకు తానే తప్పుకోవాలనుకున్నారు. పుత్తూరు నుంచి వచ్చాక నాతో మాట్లాడాలనుకున్న సంగతి అదే.

"పాత సోటికి మార్చొద్దు," అన్నారు. "ఇప్పుడు ఎలుతురు బాగుండాదని పిల్లోళ్లు సెప్పినారు. నాకు ఎలుతురూ సీకటీ ఒకటే గదా, అది నాకు తెలియకపాయె. నువ్వు సేసింది మంచి పనే అమ్మణ్ణీ. ఒక మాట నన్ను అడిగింటే బాగుండు. అంతే."

ఆయన నన్ను కోప్పడలేదు. కోప్పడి ఉంటే ఇన్నేళ్లలో ఎప్పుడో మరిచిపోయేదాన్నేమో.

విడుదల ఉత్తరువు రావడానికి మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాలూ ఆయన బడికి వస్తూనే ఉన్నారు. పాఠం చెప్పడానికి కాదు, నాకు నేర్పడానికి. పొద్దునే నన్ను పక్కన స్టూలు మీద కూర్చోబెట్టి కళ్లు మూసుకోమనేవారు. పిల్లలు ఒక్కొక్కరే లోపలికి వచ్చి నమస్కారం చెబితే, ఎవరో నేను చెప్పాలి. మొదటి వారం అన్నీ తప్పులే. పిల్లలకు అదొక ఆటయింది. రెండో వారానికి పేర్లు పట్టుకున్నాను. పేర్లు చాలవన్నారు. "సద్ది తాగకుండా వచ్చిన బిడ్డ గొంతు అడుగున పొడిగా ఉంటాది. ఇంట్లో దెబ్బలు తిన్నోడు కడ మాట మింగుతాడు. ఇను." నేను వినడం మొదలుపెట్టాను. ఒకరోజు సుబ్బరాయుడు నమస్కారం చెప్పగానే, వీడు ఏమీ తినలేదన్నాను. అయ్యవారు తలాడించారు. మా అమ్మ వాడికి సంగటి పెట్టింది. ఆ రోజు ఆయన ముఖంలో, నేను మొదటిసారి బండి దిగిన నాటి వెలుగు మళ్లీ కనబడింది. ఇరవై రెండేళ్ల సంపాదనను, దాన్ని పోగొట్టిన మనిషి చేతిలోనే పెడుతున్నారాయన.

కొడుకు కోలారు నుంచి వచ్చి తీసుకుపోయాడు. బండి దగ్గరికి పిల్లలంతా వచ్చారు. ఆయన ఎవరినీ తడమలేదు, దగ్గరికి పిలవలేదు. ఒక్కొక్కరి గొంతూ విని పేరుపేరునా ఏదో ఒక మాట చెప్పారు. నా వంతు వచ్చింది. నా గొంతు రాలేదు. ఎవరో అక్కడ నిలబడి ఉన్నారని మాత్రం గ్రహించి, కాసేపు చెవి ఒగ్గి, "బాగా సెప్పు అమ్మణ్ణీ," అని బండెక్కారు.

ఆయనకు ఉత్తరం రాయాలని ఎన్నోసార్లు కూర్చున్నాను. నేను చెప్పాలనుకున్నది రాస్తే మరొకరు చదివి వినిపించాలి. ఎవరో పరాయి గొంతులో ఆ మాటలు ఆయన చెవిన పడటం నాకు ఇష్టం లేకపోయింది. సెలవులకు నేనే పోయి చెబుదామనుకున్నాను. ఆ సెలవులు వచ్చేలోపే కొడుకు నుంచి కార్డు వచ్చింది. గనులలో దుమ్ము పడలేదట, జ్వరం వచ్చి పది రోజుల్లో పోయారట. కార్డు మీద నా పేరు రాయలేదు. అమ్మణ్ణి అని మాత్రమే ఉంది. ఆ పిలుపు తప్ప నా పేరు ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు.

ఆ తరువాత ముప్పైనాలుగేళ్లు పని చేశాను. పుత్తూరు, చంద్రగిరి, చివరికి ఈ తిరుపతి. కొత్త బడిలో చేరిన ప్రతిసారీ మొదటి పది రోజులు ఒక చాప జరపలేదు, ఒక మేకు మార్చలేదు. ఊరికే కూర్చుని వినేదాన్ని. ఒక హెడ్మాస్టరుగారు దాన్ని సోమరితనమని రిపోర్టులో రాశారు. నేను సంజాయిషీ చెప్పలేదు. అన్నం తినని పిల్లలను కళ్లు మూసుకుని పోల్చేదాన్ని. ఇప్పటికీ వీధిలో పోయే పిల్ల గొంతు వింటే తెలుస్తుంది.

అంతా వినబడే ఈ చెవులకే, ఒకే గదిలో నెల రోజులు కూర్చున్నా ఆయన గొంతులోని భయం వినబడలేదు. వినడం నాకు ఆయన ఆ తరువాతే నేర్పారు.