బంద్ నాడు దొర బండి

ఆ రోజుల్లో నాకు నిద్ర తప్ప ఇంకో కోరిక ఉండేది కాదంటే మీరు నమ్మాలి. ఇరవై నాలుగేళ్ళ వాడికి ఉండవలసిన కోరికలు చాలానే ఉంటాయని నాకూ తెలుసు, కానీ వాటన్నిటికీ ముందు మనిషి మేలుకొని ఉండాలి కదా. శంషాబాద్‌కు ఎయిర్‌పోర్ట్ వచ్చిన కొత్త. మా సాతంరాయి చుట్టూ జొన్న చేలల్లో తెల్ల రాళ్ళు మొలిచి ప్లాట్లయ్యాయి. ఆ చేలు దున్నవలసిన మేమంతా మెడలో కార్డులు వేలాడేసుకుని క్యాబ్ డ్రైవర్లమో, హోటల్ గేటు దగ్గర కాపలావాళ్ళమో, గోదాము గుమాస్తాలమో అయ్యాం. నాది సరుకుల గోదాములో రాత్రి డ్యూటీ. విమానం ఎక్కే పెట్టెలకు చీటీలు అంటించడం నా పని. తెల్లారి కంపెనీ వ్యాను నన్ను ఇంటి ముందు దింపేసరికి ఊరంతా పనులకు బయల్దేరి ఎదురొచ్చేది. పగలు పడుకుందామంటే ఈగలు, కూరగాయల ఆటోవాడి మైకు, మా అక్క పిల్లలు. (ఆ కాలంలో దిగిన ఫోటోలు ఇప్పటికీ ఉన్నాయి. ఒక్కదాంట్లోనూ నా కళ్ళు పూర్తిగా తెరిచి లేవు.)

అలాంటి వాణ్ణి, దొరికిన ఆ కాస్త నిద్రను కూడా తీసుకెళ్ళి ఒక పాత మోటార్‌సైకిల్‌కు ధారపోశాను. మా నాన్నకు అన్న, మా పెద్దబాపు, ఎప్పుడో పట్నంలో ఒక నవాబు గారి దేవిడీలో సామాన్లు అమ్ముతుంటే కొనుక్కొచ్చిన ఇంగ్లండు బండి అది. ఒక్కటే సిలిండరు, కింద స్ప్రింగులున్న తోలు సీటు, మీద కన్నీటి బొట్టు ఆకారంలో ట్యాంకు. ఊళ్ళో అందరూ దాన్ని దొర బండి అనేవారు. పెద్దబాపు పోయాక అది పశువుల కొట్టంలో గడ్డి కింద ఇరవై ఏళ్ళు పడుకుంది. (అంత నిద్ర చూసి నాకు అసూయ పుట్టి ఉంటుంది, అందుకే లేపాలనిపించింది.) ట్రాలీ ఆటోలో ఎక్కించి పహాడీ షరీఫ్ గుట్ట కింద రేకుల షెడ్డులో ఉండే ఒక ముసలి మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళాను. అందరూ ఆయన్ని ఉస్తాద్ అనేవారు. ఉస్తాద్ బండి చుట్టూ ఒకసారి తిరిగి, దవాఖానలో పెద్ద డాక్టరులా నిట్టూర్చి, "జిందా ఉంది. జర టైం పడతది" అన్నాడు. ఆ జర ఏడాది పట్టింది. ఆ ఏడాదంతా నేను డ్యూటీ దిగి, ఇంటికి పోయి పడుకోవడానికి బదులు, ఆయన పక్కన పీట వేసుకుని నట్లు కిరసనాయిల్లో కడుగుతూ కునికిపాట్లు పడ్డాను.

చివరికి బండి తయారైంది, నల్లగా, నిగనిగలాడుతూ. కానీ దాన్ని నడపడం వేరే చదువు. గేర్లు కుడికాలి కింద, బ్రేకు ఎడమకాలి కింద, అంటే లోకమంతా ఎలా ఉందో దానికి తిరగేసి. స్టార్ట్ చేయడం అయితే ఒక పూజా విధానమే. ముందు కార్బురేటర్ మీది చిన్న మొలకను పెట్రోలు చిప్పిల్లేదాకా నొక్కాలి, తరవాత హ్యాండిల్ కింది మీట పట్టుకుని కిక్కును మెల్లగా దింపాలి, ఒక చోట లోపల ఏదో బిగుసుకున్నట్టు తెలుస్తుంది, అక్కడ మీట వదిలి ఒక్క తన్ను తన్నాలి. ఏమాత్రం తేడా వచ్చినా బండి తిరిగి మనల్నే తంతుంది. నా కుడి పిక్క ఎప్పుడూ వంకాయ రంగులో ఉండేది. ఉస్తాద్ మాత్రం, "దీన్ని తన్నొద్దు బేటా, మనాయించాలె" అనేవాడు. నేను బుజ్జగించి మనాయించేవాణ్ణి, పిక్క వాచేది.

మా అక్కా బావా అప్పుడు మా ఇంట్లోనే ఉండేవారు. బావ ప్లాట్ల బేరాలు చేస్తూ రెండేళ్ళు తిరిగాడు, ఒక్క ప్లాటూ అమ్ముడుపోలేదు. ఇక లాభం లేదని దుబాయిలో ఒక గోదాము పని కుదుర్చుకున్నాడు. తన బేరాలు కుదరని కోపమంతా బావ నా బండి మీద తీర్చుకునేవాడు. "బామ్మర్ది, ఆ ఇనుప సామానోడు వచ్చిండు, లోపలికి పిలువాల్నా?" అని రోజూ పొద్దున్నే అరిచేవాడు. నేను తంతూ ఉంటే అరుగు మీద కూర్చుని చాయ్ తాగుతూ వేడుక చూసేవాడు. అది స్టార్టయిన రోజుల్లో మాత్రం లేచి లోపలికి పోయేవాడు.

బావ ప్రయాణం రోజునే బంద్ వచ్చి పడింది. తెలంగాణ కోసం ఉద్యమం ఉధృతంగా ఉన్న రోజులు, బంద్ అంటే నిజంగానే బంద్, రోడ్డు మీద కుక్క కూడా అడ్డంగా పడుకునేది. నేను డ్యూటీ దిగి, బూట్లైనా విప్పకుండా మంచం మీద వాలానో లేదో అక్క వచ్చి కుదిపింది.

"తమ్మీ, లెవ్వురా! క్యాబోడు రానంటుండు. మీ బావ విమానం పోతది!"

"ఇయ్యాల బంద్ గదా అక్కా... విమానం గూడ ఆగుతది" అన్నాను కళ్ళు తెరవకుండా.

"విమానాలకు బంద్ లేదురా! ఇయ్యాల పోకుంటె వీసా మురిగిపోతది. ఇంగ ఏడికని పోతడు ఆయన?" అంది. ఆ చివరి మాట విని నేను లేచి కూర్చున్నాను.

బావ స్కూటరు టైరు పంక్చరైంది, పంక్చర్ దుకాణం మూసి ఉంది. చుట్టుపక్కల ఇళ్ళ బండ్లన్నీ వాటి యజమానులతో సహా ధర్నాలో ఉన్నాయి. బయటికి వచ్చి చూస్తే బావ కొత్త చొక్కా, మెడలో టై, చేతిలో పెద్ద సూట్‌కేసుతో దొర బండి ముందు నిలబడి ఉన్నాడు, గుళ్ళో నిలబడ్డట్టు. "బామ్మర్ది" అన్నాడు మెల్లగా, "గిది షురూ అయితదా?" బండి ఇంటికి వచ్చాక మొదటిసారి ఆ మాటలో వెటకారం లేదు. నేను చొక్కా చేతులు మడిచి మొదలుపెట్టాను. మొదటి మూడు తన్నులకు దగ్గు, నాలుగో తన్నుకు నా పిక్క, ఎన్నో తన్నుకో గుర్తులేదు, మొత్తానికి అంటుకుంది. అక్క దాని ముందు కొబ్బరికాయ కొట్టబోతే, "ఇప్పుడు వద్దక్కా, ఆగిపోతది" అని బతిమాలుకున్నాను. బావ తన ఫోను అక్క చేతిలో పెట్టి, పిల్లల తలలు నిమిరి, వెనక ఎక్కాడు. సూట్‌కేసు మా ఇద్దరి మధ్య ఇరికించేసరికి నేను ట్యాంకు మీదికి వచ్చేశాను.

నిద్రమత్తులో ఎడమకాలు గేరనుకుని తొక్కితే బ్రేకు పడేది, సూట్‌కేసు నా వెన్నులో గుద్దేది, వెనక నుంచి బావ దేవుళ్ళను ఒక్కొక్కరినే పేరు పెట్టి పిలిచేవాడు. అలా శంషాబాద్ దాకా వచ్చాం. అక్కడ రోడ్డుకు అడ్డంగా ముళ్ళకంచె, దాని వెనక టెంటు, రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి పెద్ద గుండిగల్లో వంటలు. పదిమంది కుర్రాళ్ళు చేతులు చాపి అడ్డం వచ్చారు. నేను ఆపాను. ఆపిన మరుక్షణం బండి ఒక నిట్టూర్పు విడిచి ఆగిపోయింది.

"బంద్ అని ఎరుక లేదా అన్నా? ఏడికి?" అన్నాడు ఒకడు.

"ఎయిర్‌పోర్ట్‌కు తమ్మీ. మా బావ దుబాయ్ పోవాలె. టికెట్ సూడు" అన్నాను నేను. బావ కాగితాలు తీస్తుండగా, గుండిగ దగ్గర గరిట పట్టుకున్న ఒక పెద్దమనిషి కళ్ళజోడు సవరించుకుంటూ వచ్చాడు. ఆయన చూపు బావ మీదా లేదు, కాగితాల మీదా లేదు.

"ఏయ్, గిది దొర బండి గాదుర? సాతంరాయిల ఉంటుండె?"

"మా పెద్దబాపుది తాతా."

"నా పెండ్లికి మీ పెద్దబాపే నన్ను దీని మీద తీస్కపోయిండు" అన్నాడు ఆయన, ట్యాంకు నిమురుతూ. "నడుమ తొవ్వల ఆగిపోయింది. ముహూర్తం దాటినంక పోయిన. ఇంకా గట్లనే ఉందా?"

"గట్లనే ఉంది తాతా" అన్నాను. అబద్ధం ఆడే ఓపిక కూడా లేదు.

"అయితె నూకాలె. రాండ్రి పోరగాండ్లూ!"

బంద్ చేయడానికి వచ్చినవాళ్ళే ముళ్ళకంచె పక్కకు జరిపి, మా బండిని నూకడం మొదలుపెట్టారు. ఒకడు "జై" అంటే మిగతావాళ్ళు "తెలంగాణ" అంటూ ఆ ఊపు మీద తోశారు. మూడో జైకి బండి భళ్ళున అంటుకుంది. అందరూ ఈలలు వేశారు. పరుగెడుతూనే ఒకడు హ్యాండిల్‌కు గులాబీ రంగు జెండా కట్టాడు, ఇంకొకడు బావ ఒళ్ళో విస్తరాకులో చుట్టిన పులిహోర పడేశాడు. ఆ జెండా చూసి తరవాతి రెండు చోట్ల మమ్మల్ని ఎవరూ ఆపలేదు సరికదా, చేతులూపి సాగనంపారు. సూట్‌కేసు మీద పులిహోర పెట్టుకుని, మెడలోని టై భుజం మీంచి వెనక్కి ఎగురుతుండగా బావ కూడా చేయి ఊపాడు. ఎన్నికల్లో గెలిచినవాడిలా ఉన్నాడు.

ఎయిర్‌పోర్ట్ వంతెన ఎక్కే చోట తుపాకీ పట్టుకున్న జవాను ఆపి, జెండాను, టైను, విస్తరాకును వరసగా చూసి, "బంద్ కరో" అన్నాడు. నాకు అర్థం కాలేదు. "అదే సార్, పొద్దుగాల నుంచి బందే గదా" అన్నాను. ఆయన ఇంజను వైపు వేలు చూపించాడు. ఆపాను. ఇక అది మళ్ళీ లేవదని బావకూ తెలుసు. సూట్‌కేసు నెత్తిన పెట్టుకుని వంతెన మీద పరుగు తీశాడు. కొంత దూరం పోయి ఏమనుకున్నాడో, వెనక్కి పరుగెత్తుకొచ్చి, పులిహోర నా చేతిలో పెట్టి, బండి సీటు మీద ఒక్క చరుపు చరిచి, "దీన్ని అమ్మకురా" అని మళ్ళీ పరుగెత్తాడు. కళ్ళలో నీళ్ళున్నాయి. (దుమ్ము అని తరవాత ఫోన్లో చెప్పాడు.)

బండిని నూక్కుంటూ పక్కకు తెచ్చి, కొత్తగా నాటిన ఒక చెట్టు కింద, ఉన్న కాస్త నీడలో కూలబడ్డాను. పులిహోర తిన్నాను. చెయ్యైనా కడగకుండా అక్కడే నిద్రపోయాను. బావ ఎక్కవలసిన విమానం మోతకే మెలకువ వచ్చింది. తల పైకెత్తి, తోక మీది రంగులను బట్టి అదేనని పోల్చుకుని, కనుమరుగయ్యేదాకా చూశాను. తరవాత లేచి బండి దగ్గరికి వెళ్ళాను. తన్నే బలం లేదు. కాలు పెట్టి, మీట పట్టి, వదిలి, ఒంటి బరువు దాని మీదికి మెల్లగా జార్చాను, అంతే. అది డుబ్ మంది. తరవాత ఇంకొకటి డుబ్. ఒక దెబ్బకూ ఇంకో దెబ్బకూ మధ్య మనసులో ఒక మాట అనుకునేంత ఎడం.

ఇంటికి పోవాలంటే వచ్చిన దారిన పోవాలి. రెండో వైపు పహాడీ షరీఫ్‌కు పోయే రోడ్డు, నున్నగా, వెడల్పుగా, ఒక్క బండి లేకుండా, నా కోసమే పరిచినట్టు పడి ఉంది. ఉస్తాద్‌కు ఒకసారి వినిపించి పోదామని నాకు నేనే సాకు చెప్పుకున్నాను. ఏమని చెప్పను! కుడికాలికి గేర్లు వాటంతట అవే దొరికాయి. కింద స్ప్రింగులు, ముందు గుట్టలు, ఒంటికి గాలి. ఒళ్ళంతా నొప్పులే, అయినా ఆ నొప్పులన్నీ ఇంజనుతో పాటు ఒకే తాళంలో కొట్టుకుంటున్నాయి. ఏడాదిగా నేను కడిగిన ప్రతి నట్టూ నా కింద తన పని తాను చేసుకుపోతోంది. ఉస్తాద్ మూసిన షట్టరు ముందు కుర్చీలో కూర్చుని ఉన్నాడు. నేను చెప్పకముందే కళ్ళు మూసుకుని విన్నాడు.

"ఏం జేసినవ్?" అన్నాడు.

"ఏం జెయ్యలే ఉస్తాద్. తన్నే తాకత్ లేక మెల్లగ కాలు పెట్టిన."

"గదే" అన్నాడు ఆయన. "ఇన్ని దినాలు కొట్టినవ్. ఇయ్యాల కొట్టలేదు, మాట ఇన్నది."

అక్కడి నుంచైనా ఇంటికి పోవాలా? ఆ రోడ్డు మీద ఇంకో రెండుసార్లు అటూ ఇటూ తిరిగాను. సాతంరాయి చేరేసరికి సాయంత్రమైంది. అక్క వాకిట్లో నిలబడి ఉంది, కళ్ళు ఉబ్బి ఉన్నాయి. అప్పుడు జేబులో ఫోను తీసి చూసుకున్నాను. దాని నిండా అక్క చేసిన కాల్సే. (బండి అంతగా వణుకుతుంటే అందులో ఫోను వణుకు ఎవడికి తెలుస్తుంది!)

"ఎక్కిండా?" అంది.

"ఎక్కిండక్కా."

అక్క అలాగే మెట్టు మీద కూర్చుండిపోయింది. కొంగుతో కళ్ళు తుడుచుకుని, "మరి గింత సేపు యాడ సచ్చినవ్? పానం పోయినంత పనైంది నాకు" అంది. నా నోట్లోంచి మాట దానంతటదే వచ్చింది. "బండి ఖరాబైందక్కా. నూక్కుంట వచ్చిన." అంతే, అక్క కోపమంతా కరిగిపోయింది. వేడినీళ్ళు కాచింది, పిక్కకు నూనె రాసింది, కోడిగుడ్డు కూర వండింది, పిల్లల్ని అరవకుండా పక్కింట్లో కూర్చోబెట్టింది. ఏడాది మొత్తంలో నాకు అంత జాగ్రత్తగా నిద్ర ఏర్పాటు చేసిన రోజు అదొక్కటే. ఆ రోజే నాకు నిద్ర పట్టలేదు.

బావ దుబాయిలో నాలుగేళ్ళు చేసి వచ్చి, ఇప్పుడు షాద్‌నగర్‌లో కిరాణా కొట్టు పెట్టుకున్నాడు. దొర బండి నా దగ్గరే ఉంది. అప్పుడప్పుడు గుడ్డతో తుడుస్తాను, కాలు పెట్టడానికి మోకాలు ఒప్పుకోదు. నాకిప్పుడు పగటి ఆఫీసు, బొటనవేలితో నొక్కితే స్టార్టయ్యే స్కూటరు. మొన్న అక్క ఇంటికి వెళ్ళినప్పుడు మాటల మధ్య ఆనాటి అబద్ధం ఒప్పేసుకున్నాను. అక్క బియ్యం ఏరుతూ తలైనా ఎత్తలేదు.

"నాకు అప్పుడే ఎరుకరా. బండి ఖరాబైనోని మొకం గట్ల ఉండదు."

అక్క అన్న ఆ మాట నవ్వుకుంటూ మా ఆవిడకు చెప్పాను. చెప్పకుండా ఉండవలసింది. ఈ స్కూటరు కొన్న రోజు నుంచి ఒక్కసారీ చెడిపోలేదు. అయినా సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి గేటు తీయగానే మా ఆవిడ నా మొహంలోకి చూసి అడుగుతుంది, "ఏందీ, బండి ఖరాబైందా?"