పైలట్ ముందరి అద్దం పగిలిందట

ఈ మధ్యాహ్నం కాశీకి ఎగిరిన విమానంలో పైలట్ ముందరి అద్దం పగుళ్ళిచ్చింది. వెనక్కి తిప్పి బెంగళూరులోనే దించారు. అందులో మా చెల్లెలుంది. లారీ అద్దం పగిలితే మొహానికి తువ్వాల చుట్టుకొని ఆదోని నుంచి ఎమ్మిగనూరు దాకా తోలుకొచ్చిన డ్రైవరును నేనెరుగుదును. ఆకాశంలో ఏం చుట్టుకుంటారు?

దిగాక తనే ఫోన్ చేసింది.

“బాగుండావామ్మా?”

“బాగుండానన్నా. విమానం సక్రం కింద నిమ్మకాయ పెడతానంటే ఎక్కేముందు దగ్గరికి రానియ్యలేదు. సూసినావా ఏమాయెనో!”

“మళ్ళా ఎక్కుతావా?”

“ఇంకో విమానం తెచ్చినారు. ఈతూరి నిమ్మకాయ పైలట్ చేతికే ఇచ్చినా. ఆయప్ప నవ్వలేదన్నా, జేబులో ఏసుకున్నాడు.”

ఆయన నవ్వి ఉంటే నాకు ధైర్యంగా ఉండేది. ఇప్పుడు మళ్ళీ ఫోన్ కలవడం లేదు. ఆమె దిగేదాకా ఎవరైనా ఇక్కడ నాతో ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండండి.