పన్నెండు వోల్టుల అచ్చిబాబు

భీమవరంలో అంబాసిడర్ టాక్సీ నడిపే అచ్చిబాబుకి కాదనడం చేతకాదు. కరెంటు పోతే చాలు, వీధి వీధంతా అతని కారు బ్యాటరీ కోసం వచ్చేది. వాళ్ళ చిన్న టీవీ కూడా పన్నెండు వోల్టులదే మరి. పాపం, ఊడదీసి ఇచ్చేవాడు. ఆ ఆదివారం క్రికెట్ మ్యాచ్ అయ్యేదాకా టీవీ ఆడింది. సాయంత్రం బ్యాటరీ తెచ్చి బిగించాడో లేదో, పురిటికొచ్చిన కూతురు కన్యక గుమ్మం పట్టుకుని కూలబడింది.

"నాన్నా, నొప్పులు..."

తాళం తిప్పాడు. ఇంజను ఓసారి మూలిగి ఊరుకుంది. అచ్చిబాబుకి పై ప్రాణాలు పైనే పోయాయి.

"టీవీ లేకపోతే వాళ్ళ కొంపలు మునిగిపోతాయా? ఇప్పుడు పిల్లనేం చేస్తారు?" భార్య రత్నమాణిక్యం గొల్లుమంది.

తోసి చూశారు. వాన బురదలో చక్రం కదిలితేనా! ఆటో ఒక్కటీ లేదు. రొయ్యల లారీ వస్తుంటే అచ్చిబాబు అడ్డంపడి ఆపాడు. అంత ఎత్తు లారీ కన్యక ఎక్కలేకపోయింది. డ్రైవరు యెహెజ్కేలు మంచివాడే. కారుకి కరెంటివ్వడానికి వైర్లు తెచ్చి, లారీలో వరసగా కలిపిన రెండు బ్యాటరీల చివర్లకీ తగిలించబోయాడు.

"ఆగండి బాబూ! అది ఇరవై నాలుగు వోల్టులు. కారు కాలిపోద్ది!" అరిచాడు అచ్చిబాబు.

"ఎక్కువుంటే ఇంకా జోరుగా తిరుగుద్ది కదండీ?"

ఏం జోరు! అలా చేసిన ఒకాయన కారు వైర్లు పొగలెత్తడం అచ్చిబాబు కళ్ళారా చూశాడు. వెనకటి జీపులకి ఆరు వోల్టులే. చలిలో ఇంజను తిప్పలేక ఏడ్చేవి, అంత లావు వైర్లూ వేడెక్కేవి. డీజిలు లారీకి పన్నెండు బలం చాలక రెండు బ్యాటరీలు. మధ్యలో కారు. లోపల ఒక్కో అరకి రెండు వోల్టుల చొప్పున ఆరు అరలున్న బ్యాటరీ ఒక్కటి దానికి చాలు.

"ఒక్కదానికే తగిలించండి," అన్నాడు. ప్లస్సు ఎటో మళ్ళీ మళ్ళీ చూసుకున్నాడు.

ఇంజను అందుకుంది.

ఆసుపత్రిలో కన్యకని లోపలికి తీసుకెళ్ళారు. అచ్చిబాబు సీటు వదల్లేదు, ఇంజనూ ఆపలేదు.

"ఏంటండీ ఆ పొగ? ఆపండి!" నర్సు కసిరింది.

"పెద్దాసుపత్రికి తీసుకెళ్ళమంటారేమోనండి. ఆపితే మళ్ళీ లేవదండి," అన్నాడు ఏడుపు గొంతుతో.

పెట్రోలు ముల్లు జారిపోతోంది. దాన్ని చూడ్డానికి కూడా అతనికి భయంగా ఉంది. చివరికి రత్నమాణిక్యం గుమ్మంలోకి వచ్చింది.

"ఇక ఆపేయండి. ఆడపిల్ల. ఇద్దరూ బావున్నారు."

అచ్చిబాబు తాళం తిప్పాడు. ఇంజను మోత ఆగాకే లోపల పసిపిల్ల ఏడుపు అతనికి వినబడింది.